చాబీ ఎక్కడుందని అడిగిన అమ్మాయికి

మొన్న స్రవంతి ఫోన్ చేసింది. మాక్లూర్ అమ్మాయి, బీఎస్సీ కంప్యూటర్స్ చదివింది. బోధన్ చెరుకు ఆఫీసులో నేను తొమ్మిదేళ్లు కూర్చున్న కుర్చీలో ఇప్పుడు తను కూర్చుంటోంది. చేరి పది రోజులైందట. ముందు పాప ఎలా ఉందని అడిగింది. తర్వాత అసలు సంగతికి వచ్చింది.

"అక్కా, గా పాత మిషన్ల చాబీ అని ఒకటుండెనట గద. ఏడ పెట్టినవ్?"

"ఎవరు చెప్పిండ్రు నీకు?"

"ఎవరో అన్నరు తియ్. అది లేకుంటే ఏం పని అయితలేదక్కా. కొత్త ప్రింటర్ సుత పెట్టనిస్తలేదు గది."

పాప ఏడుస్తోందని చెప్పి పెట్టేశాను. పాప ఏడవడం లేదు, హాయిగా నిద్రపోతోంది. కానీ ఈ ప్రశ్నకు ఒకసారి ఫోన్లో జవాబు చెప్పి ఉన్నాను. దాని ఫలితం రెండెకరాల చెరుకు మీద పడింది. అందుకే ఈసారి రాసి ఇస్తున్నాను. ఇలాంటి ఉద్యోగాల్లో చేరే మిగతా పిల్లలకు కూడా పనికొస్తే మంచిదే.

"ఉద్యోగ అనుభవాలు రాయడానికి నీకేమన్న అరవై ఏండ్లొచ్చినయా?" అని మా ఆయన నవ్వాడు. ముప్పై నాలుగేళ్లే. అయితేనేం, ఆ ఆఫీసులో వయసును సీజన్లతో లెక్కపెడతారు. తొమ్మిది సీజన్లు చేసి బయటికొచ్చిన మనిషి రిటైరైనట్టే.

నడుస్తుంది గద

ఊళ్లో ఫ్యాక్టరీ మూతపడ్డాక బోధన్ చుట్టుపక్కల మిగిలిన చెరుకు దూరంగా ఉన్న ఒక ప్రైవేటు ఫ్యాక్టరీకి పోతోంది. మాది ఆ ఫ్యాక్టరీ వాళ్ల చిన్న ఆఫీసు. రెండు గదులు, ఒక కిటికీ, ఒక కంప్యూటర్.

పని చెప్పడానికి తేలిక. రైతు చెరుకు నాటగానే ఫీల్డ్‌మ్యాన్ చేను దగ్గరికి వెళ్లి, నాటిన తేదీని ఫీల్డ్ బుక్కులో రాసుకుని, రైతుకు చీటీ ఇస్తాడు. ఆ తేదీని నేను కంప్యూటర్‌లో ఎక్కిస్తాను. సీజన్ మొదలయ్యాక తేదీల వరసన కంప్యూటర్ కటింగ్ ఆర్డర్లు తీస్తుంది. ముందు నాటినవాళ్లది ముందు కోస్తారు. ఆర్డర్ వస్తే మహారాష్ట్ర నుంచి వచ్చిన కోత కూలీల ముఠా ఆ చేలో దిగుతుంది. ఆర్డర్ లేకపోతే ఒక్క గడ కూడా ముట్టరు.

చెరుకు ఆగే పంట కాదు. నంబర్ దగ్గరపడిందని తెలియగానే రైతు నీళ్లు ఆపేస్తాడు. చేను ఆరితే గడలో తీపి పెరుగుతుంది, బండ్లు దిగబడకుండా నడుస్తాయి. నీళ్లు ఆపిన రెండు వారాల్లో కోసేయాలి. కోయకపోతే గడ లోపల బెండు పడుతుంది, తూకం తగ్గిపోతుంది. పోనీ మళ్లీ తడి ఇద్దామంటే కాలువ వంతు అప్పటికే ఇంకొకరికి పోయి ఉంటుంది. కాబట్టి మా కంప్యూటర్‌లో ఉన్న ఆ ఒక్క తేదీ మీద ఒక ఇంటి ఏడాది కష్టం నిలబడి ఉంటుంది.

అంత బరువు మోసే కంప్యూటర్‌లో ఉన్నది ఎప్పుడో కాలం చెల్లిన ఆపరేటింగ్ సిస్టం. దాన్ని తయారుచేసినవాళ్లే "ఇక దీనికి మరమ్మతులు చేయం, కొత్తదానికి మారండి" అని చెప్పి చాలా ఏళ్లయింది. నేను చేరిన మొదటి సీజన్‌లోనే కేన్ మేనేజర్ ప్రభాకర్ సారుకు చెప్పాను.

"సీజన్ల మిషన్ మారుస్తరా ఎవరన్న? సీజన్ అయిపోనియ్" అన్నాడు.

ఎండాకాలం మళ్లీ అడిగాను.

"సీజన్ అయిపోయింది గద. ఇప్పుడేం తొందర? సీజన్ రానియ్."

"సార్, నాలుగు లెటర్లు రాసిన" అన్నాను ఇంకో ఏడాది.

"నడుస్తుంది గద. నడిచే బండిని ఇప్పి సూసుడెందుకు?"

నడుస్తుంది గద. తొమ్మిదేళ్లలో నేను అన్నిటికంటే ఎక్కువసార్లు విన్న మాట ఇది. ప్రభాకర్ సారు చెడ్డమనిషి కాదు. పాపకు బాగాలేదంటే సెలవు ఇవ్వడానికి ఎప్పుడూ మొహం చిట్లించలేదు. కానీ ఒక వస్తువు చెడిపోయి, పొగ వచ్చి, నలుగురూ పోగైతేగాని అది చెడిపోయిందని నమ్మడు. ఇలాంటి సార్లు ప్రతి ఆఫీసులోనూ ఉంటారు. వాళ్లతో వాదించి గొంతు పోగొట్టుకోవద్దు. లెటర్ రాసి, అందినట్టు సంతకం పెట్టించుకుని, కాపీ ఇంట్లో పెట్టుకోండి. నేను లెటర్లు రాశాను గాని, ఒక్క సంతకం కూడా తీసుకోలేదు.

లోపలివాడు యజమాని అయ్యే కన్నం

ఆ సిస్టంలో ఒక లోపం ఉండేది. కొత్తవాళ్లకు అర్థమయ్యేలా చెప్తాను.

కంప్యూటర్‌లో రెండు రకాల మనుషులుంటారు. ఒకరు మామూలు ఉద్యోగి. చూడొచ్చు, ప్రింట్ తీయొచ్చు, కొత్త ఎంట్రీ వేయొచ్చు. రెండోవారు యజమాని, అంటే అడ్మిన్. పాత ఎంట్రీని మార్చడం, కొత్త ప్రోగ్రాం ఎక్కించడం యజమానికే చెల్లుతుంది. మధ్యలో గోడ ఉంటుంది. గోడ తలుపుకు పాస్‌వర్డ్ ఉంటుంది.

మా ఆఫీసులో అటెండర్ ఒకాయన ఉండేవాడు. "సారు చెప్పిండు" అని ఎవరు చీటీ ఇచ్చినా, సారును అడగకుండానే ఆ పని చేసేసేవాడు. సరిగ్గా అలాంటి చిన్న ప్రోగ్రాం ఒకటి ఆ పాత సిస్టం లోపల యజమాని పేరు మీద పనిచేస్తూ ఉంటుంది. మామూలు ఉద్యోగి ఒక పద్ధతిలో రాసిన చీటీ దాని చేతికి ఇస్తే, ఎవరిచ్చారని చూడకుండా చేసేస్తుంది. "నన్ను యజమానిని చెయ్" అని చీటీలో ఉంటే అదీ చేస్తుంది. పాస్‌వర్డ్ అక్కర్లేదు.

ఇది బయటి దొంగ తెచ్చే ముప్పు కాదు. ఆ కుర్చీలో కూర్చోనిచ్చిన మనిషి వల్ల వచ్చే ముప్పు. అందుకే ఎవరికీ భయం పుట్టదు. "మన దగ్గరికి ఎవడొస్తడు? దానికి ఇంటర్నెట్ సుత సక్కగ లేదు" అని సారు అన్నదీ అందుకే. మనవాళ్ల చేతిలో ఏదైనా ఉంటే అది భద్రంగా ఉన్నట్టేనని మనకు గట్టి నమ్మకం.

ఇక చాబీ సంగతి. నాకంటే ముందున్న ఆపరేటర్ అడ్మిన్ పాస్‌వర్డ్ ఎవరికీ చెప్పకుండా మానేసి వెళ్లిపోయాడు. ప్రోగ్రాం రాసిన హైదరాబాద్ కంపెనీ మూసేసుకుంది. ప్రింటర్ మార్చాలన్నా, ఒక రైతు పేరు సరిచేయాలన్నా తలుపు దగ్గరే ఆగిపోయేదాన్ని. నాతో చదివిన అమ్మాయి ఒకతె హైదరాబాద్‌లో కంప్యూటర్ల భద్రత చూసే ఉద్యోగం చేస్తుంది. తనకు గోడు చెప్పుకుంటే, ఆ కన్నం సంగతి చెప్పి, దాన్ని వాడుకునే చిన్న ఫైల్ ఒకటి పంపింది. "లోపలికి వెళ్లి నీకంటూ ఒక అడ్మిన్ ఖాతా తెరుచుకో. వెంటనే ఈ ఫైల్ చెరిపేయ్. వేరే కాపీ ఉంచకు" అని మరీ మరీ చెప్పింది.

పది నిమిషాల పని. మొదటి సగం చేశాను. ఆ రోజు ప్రింటర్ పనిచేసింది, సారు ఆఫీసందరికీ మిర్చి బజ్జీలు తెప్పించాడు. ఆ సంబరంలో రెండో సగం మిగిలిపోయింది. ఖాతా తెరవలేదు, ఫైల్ చెరపలేదు. మర్నాడు ఇంకేదో అవసరం వస్తే మళ్లీ ఆ ఫైలే నొక్కాను. అలవాటైపోయింది. దానికి తాళంచెవి బొమ్మ పెట్టి, చాబీ అని పేరు రాసి, అందరూ వాడే స్క్రీన్ మీదే ఉంచాను. ఆరు సీజన్లు అది అక్కడే ఉంది.

గ్యాస్ కట్టేశానో లేదోనని రెండుసార్లు లేచి చూసుకునే మనిషిని నేను. పాప ఒళ్లు కాస్త వెచ్చగా ఉంటే గంటకోసారి థర్మామీటర్ పెడతాను. ఆ తాళంచెవి బొమ్మను చూసి మాత్రం ఒక్కసారీ భయం వేయలేదు. దాన్ని నేనే తెచ్చాను కదా. లోపల ఇంకో సంగతి కూడా ఉంది, దాచను. ఆ చాబీ ఉన్నంతకాలం ఆఫీసులో అందరికీ నా అవసరం పడేది. అది నాకు బాగుండేది.

ఆసుపత్రి వరండాలో

ఎనిమిదో సీజన్ మొదలైన వారానికి పాపకు జ్వరం వచ్చింది. రక్తకణాలు తగ్గుతున్నాయని నిజామాబాద్‌లో ఆసుపత్రిలో చేర్చుకున్నారు. రెండో రోజు వరండాలో నిలబడి రిపోర్టు కోసం చూస్తుంటే గంగాధర్ అన్న ఫోన్ చేశాడు. మా ఫీల్డ్‌మ్యాన్. ఇరవై ఏళ్లుగా చేల గట్ల మీద తిరిగిన మనిషి. ప్రతి రైతు పేరూ, వాళ్ల బర్రెల పేర్లూ కూడా తెలుసు.

"మేడం, పాప ఎట్లుంది?"

"రిపోర్ట్ రాలేదన్నా. చెప్పు జల్ది."

"ఒక రైతు సర్వే నంబర్ తప్పు పడ్డది. ఆర్డర్ వస్తలేదు. ముఠా వాళ్లు చేను కాడ కూసున్నరు, వాళ్ల పెద్ద ముకద్దం నన్ను మరాఠీల తిడుతుండు. సగం నాకు సమజ్ సుత అయితలేదు. మీరెప్పుడొస్తరు?"

"నేను యాడొస్తనన్నా ఇప్పుడు? స్క్రీన్ మీద చాబీ బొమ్మ ఉంటది సూడు. దాన్ని రెండుసార్లు నొక్కు. తర్వాత లిస్ట్ తెరువు, మార్చనిస్తది. అయినంక మూసెయ్."

"గంతేనా?"

"గంతే."

అప్పుడే నర్స్ పిలిచింది. నేను ఫోన్ పెట్టేశాను. నిమిషం కూడా పట్టని మాట. నాలుగు రోజుల తర్వాత ఆఫీసుకు వెళ్లినప్పుడు "అయిపోయింది మేడం, మస్తు ఈజీ ఉంది" అన్నాడు గంగాధర్ అన్న. నేను థ్యాంక్స్ కూడా చెప్పాను.

కంప్యూటర్ తప్పు చెప్పదు

డిసెంబర్ చివర్లో కిటికీ దగ్గరికి సాయవ్వ వచ్చింది. బోధన్‌కు దగ్గర ఊరే. రెండెకరాల చెరుకు, భర్త లేడు, చేను పని అంతా తనే చూసుకుంటుంది. ఎక్కడ కూర్చున్నా ఒళ్లో బీడీలు చుట్టే చాట ఉంటుంది. మా ఆఫీసు మెట్ల మీదా ఉండేది.

"బిడ్డా, నా నంబర్ ఎప్పుడొస్తది? గంగాధర్ గీ వారమే అన్నడని నీళ్లు బందు పెట్టిన."

లిస్ట్ చూశాను. "ఇంకా టైం ఉందవ్వా. నీ ముందట ముగ్గురున్నరు."

"ముగ్గురెక్కడికెల్లొచ్చిండ్రు? మా కాలువ మీద ముందుగాల నాటింది నేనే."

"లిస్ట్‌ల గట్లనే ఉంది."

ఆమె వెళ్లిపోయింది. వారం తర్వాత మళ్లీ వచ్చింది. ఈసారి చేతిలో ఫీల్డ్‌మ్యాన్ ఇచ్చిన చీటీ ఉంది. ఏడాదిపాటు గూట్లో ఉండి, నూనె మరక పడి, తేదీ దగ్గర అక్షరాలు అలుక్కుపోయి ఉన్నాయి.

"జెర సూడు బిడ్డా, గీడ రాసి లేదా?"

"ఇది కనబడ్తలేదవ్వా. కంప్యూటర్ల ఉన్నదే లెక్క. కంప్యూటర్ తప్పు చెప్పదు."

"మరి మనిషి చెప్తడా?"

వరసలో నిలబడ్డవాళ్లు నవ్వారు. నాకు చిరాకేసింది. ఆ రోజు పాప స్కూల్ వ్యాన్ రాలేదని ఇంటి నుంచి రెండు ఫోన్లు వచ్చి ఉన్నాయి. "పక్కకు జరుగవ్వా, వెనక మంది ఉన్నరు" అన్నాను.

మూడోసారి వచ్చినప్పుడు చేలో నుంచి విరిచిన గడ ఒకటి తెచ్చి కిటికీ అంచు మీద పెట్టింది. కొస ఎండి ఉంది. మధ్యకు విరిచి చూపించింది. లోపల తెల్లగా, పొడిగా, దూదిలాగా ఉంది.

"బెండు పడుతుంది బిడ్డా" అంది, అంతే.

"రేపు సారును అడుగుత" అన్నాను. అడగలేదు. మర్నాడు మర్చిపోయాను.

నా కుర్చీకి వెనక ఎడమ వైపు ఇనుప బీరువా ఉంది. అందులో పైఅరలో ఫీల్డ్ బుక్కులు ఉంటాయి. గంగాధర్ అన్న చేను గట్టు మీద నిలబడి, పెన్ను రాయకపోతే నాలుకకు అద్దుకుని మరీ రాసిన అసలు తేదీలు వాటిలో ఉన్నాయి. కుర్చీలోంచి లేస్తే రెండడుగులు. నేను లేవలేదు.

కాలువలో నీళ్లు లేని రోజు

నన్ను కుర్చీలోంచి లేపింది సుబ్బారావు గారు. ఆయనది తాతల కాలంలో కోస్తా నుంచి వచ్చి ఇక్కడ కాలువ కింద భూమి కొనుక్కున్న కుటుంబం. ఇక్కడే పుట్టి పెరిగినా ఇంట్లో మాట మాత్రం వాళ్ల మాటే. ఆయన నంబర్ సాయవ్వ తర్వాతది. జనవరి రెండో వారంలో ఒకరోజు కిటికీ దగ్గరికి వచ్చి, గోడ మీద అతికించిన లిస్టును చాలాసేపు చదివి, జేబులోంచి చిన్న డైరీ తీశాడు.

"అమ్మాయ్, ఈ రెండో పేరు ఆయనది మా పక్క చేనే. మొన్నటి డిసెంబరు కాదు, ఆ ముందటి డిసెంబరు రెండో వారంలో నాటాడని రాశారేంటి?"

"గట్లనే ఉందండీ లిస్ట్‌ల."

"ఎలా నాటాడమ్మా? కాలువ వదిలింది ఆ నెలాఖరున కదా. ఆయనకి బోరు లేదు. కాలువలో చుక్క నీరు లేని రోజున చెరుకు నాటాడంటే, ఆకాశం నుంచి గంగను దించుకున్నాడా?"

డైరీ తిప్పి చూపించాడు. కాలువ ఏ రోజు వదిలారు, ఏ రోజు కట్టారు, ఎవరి వంతు ఎప్పుడు. వాళ్ల నాన్న కాలం నుంచి రాస్తున్నారట. "మా కంప్యూటర్ ఇదేనమ్మా, కరెంటు కూడా అక్కర్లేదు" అన్నాడు.

అప్పుడు లేచాను. ఫీల్డ్ బుక్కు తీసి చూశాను. పక్క చేను ఆయన నాటింది ఆ తర్వాతి ఫిబ్రవరి చివర్లో. సాయవ్వ ముందున్న మిగతా ఇద్దరివీ అంతే. ఫిబ్రవరిలో నాటిన ముగ్గురు డిసెంబర్‌కు జరిగారు. ముగ్గురివీ కలిపి తొమ్మిదెకరాలు. ముఠాకు ఎకరాకు రెండు రోజులు పడుతుంది. సాయవ్వ చేను పద్దెనిమిది రోజులు వెనక్కి పోయిందంటే అందుకే. ఆమె తేదీ ఎవరూ ముట్టలేదు. ఆమె ముందుకు వేరేవాళ్లను తెచ్చారు, అంతే.

కంప్యూటర్‌లో ఎవరు ఏం మార్చారో రాసుకునే చోటు ఒకటుంటుంది. అది తెరిచాను. మూడు మార్పులూ యజమాని పేరు మీదే ఉన్నాయి. నేను ఆసుపత్రి వరండాలో ఉన్న ఆ నాలుగు రోజుల్లోనే జరిగాయి.

గంగాధర్ అన్నను పక్కకు పిలిచాను. దాచలేదు.

"మా బామ్మర్దిది మేడం. మా ఇంటామె మూడు రోజులు అన్నం వండలేదు, ఏం చేయమంటరు? మిగిలిన ఇద్దరు ఆయన దోస్తులు. ఒక్కనికి చేస్తే మిగిలినోళ్లు ఊకుంటరా?"

"అన్నా, సాయవ్వ నీళ్లు బందు పెట్టి కూసుంది. నువ్వే గద పెట్టమన్నవ్."

తల దించుకున్నాడు. తర్వాత మెల్లగా, తప్పు ఒప్పుకుంటున్నట్టే, "ఎట్ల చెయ్యాల్నో మీరే చెప్పిండ్రు గద మేడం" అన్నాడు.

మిస్టేక్ అని రాయి

ప్రభాకర్ సారు ముందు ఫీల్డ్ బుక్కూ లిస్టూ పక్కపక్కన పెట్టాను. మూడు పేర్ల మీదా వేలు పెట్టి చూశాడు.

"లిస్ట్ మీద నా సంతకం ఉంది. హెడ్ ఆఫీస్‌కు పోయింది" అన్నాడు. "కంప్యూటర్ మిస్టేక్ అని రాయి. వచ్చే మీటింగ్‌ల సరి చేస్తరు."

"మీటింగ్ ఫిబ్రవరిల సార్. గప్పటికి ఆమె చేను మొత్తం పొయ్యిల కట్టె అయితది."

"మరేం చేద్దామంటవ్?"

ఒక్కటే దారి ఉంది. ఎవరో కావాలని మార్చారని రాస్తే హెడ్ ఆఫీసు ఆ రోజే ఆర్డర్లు ఆపి, పాత వరస ప్రకారం మళ్లీ తీస్తుంది. కానీ అలా రాస్తే ఎలా మార్చారో రాయాలి. అంటే చాబీ గురించి రాయాలి. తెచ్చింది నేను, స్క్రీన్ మీద ఉంచింది నేను, ఫోన్లో చెప్పింది నేను.

"నీ నౌకరి పోతదమ్మా" అన్నాడు సారు. బెదిరింపు కాదు, నిజంగానే దిగులుగా అన్నాడు.

ఆ సాయంత్రం ఎప్పటిలాగే నిజామాబాద్‌లోని ఇంటికి బస్సెక్కాను. నేను ధైర్యవంతురాలిని కాదు. ఆ పూటే రాయాల్సిన కాగితం మర్నాడు పొద్దున రాశాను. అంటే సాయవ్వ చేను నా భయం వల్ల ఇంకో రోజు ఎండింది. ఆ రోజు కూడా నా లెక్కలోనే వేసుకుంటాను.

కాగితంలో అంతా రాశాను. సారు చదివి సంతకం పెట్టాడు. మధ్యాహ్నానికి ఆర్డర్లు ఆగాయి. మూడో రోజు ముఠా సాయవ్వ చేలో దిగింది.

నా ఉద్యోగం పోలేదు. మెమో ఇచ్చారు. గంగాధర్ అన్నను ఇంకో డివిజన్‌కు పంపారు, తర్వాతి సీజన్‌కు మళ్లీ తెచ్చుకున్నారు, ఆ గట్లన్నీ తెలిసినవాడు ఇంకొకడు లేడు కాబట్టి. కంప్యూటర్ సంగతి ఏం చేశారంటే, స్క్రీన్ మీద ఆ బొమ్మ తీసేయమన్నారు. తీసేశాను. ఫైల్ కూడా చెరిపేశాను. మిషన్ మార్చాలని అయిదో లెటర్ రాశాను. ఈసారి సంతకం తీసుకున్నాను. "బొమ్మ తీసేసినం గద, ఇంకేం పరేషానీ?" అన్నాడు సారు. గోడలో కన్నం ఉంటే కన్నం మీద తువ్వాలు వేలాడదీసి, ఇల్లు బాగుపడిందనుకునే రకం.

సాయవ్వ తూకం చీటీల కోసం ఆఫీసుకు వచ్చింది. అంతకుముందు సంవత్సరం ఏడు బండ్లు దాటిన చేను అయిదు బండ్లకు ఆగిపోయింది. నేను కిటికీలోంచి కాకుండా బయటికి వెళ్లి, మెట్ల మీద ఆమె పక్కన కూర్చుని చెప్పాను. తప్పు నాదని, చాబీ అనేదాన్ని నేనే అందరికీ అందేలా పెట్టానని, గోడ అని, కన్నం అని, తోచినట్టు వివరించాను. ఆమె ఆకు చుట్టి, దారం కట్టి, బీడీని చాటలో పడేసి అంది:

"గా చాబీ గీబీ నాకేం ఎరుక బిడ్డా. నేను మూడు సార్లొచ్చిన. మూడు సార్లు నువ్వు గా డబ్బా మొకమే సూసినవ్. ఒక్కసారి లేచి బుక్కు సూస్తే అయిపోతుండె."

లోపలికి వెళ్లి తూకం చీటీలు తెచ్చి ఆమె చేతిలో పెట్టాను.

స్రవంతీ, ఇది నీకు

తొమ్మిదో సీజన్ అయ్యాక మానేశాను. పాప స్కూల్ దూరమని అందరికీ చెప్పాను, అది సగం నిజం. అయిదో లెటర్‌కు కూడా జవాబు రాలేదు, అది మిగతా సగం.

నువ్వు అడిగిన చాబీ ఎక్కడా లేదు. కానీ గోడ మారలేదు, కన్నం అలాగే ఉంది. నీకు చాబీ సంగతి చెప్పిన మనిషికి అది తెలుసు. కాబట్టి ప్రింటర్ కోసం దాన్ని వెతక్కు, ఎవరైనా పెన్‌డ్రైవ్‌లో తెచ్చిచ్చినా తీసుకోకు. అడ్మిన్ ఖాతా కావాలని సారుకు కాగితం రాసి సంతకం తీసుకో. ఇవ్వకపోతే ప్రింటర్ పనిచేయకుండానే ఉండనియ్. పొగ వస్తేగాని నమ్మని మనుషులకు ఆ మాత్రం పొగ కనబడాలి. నేను ఆరు సీజన్లు వాళ్లకు పొగ కనబడకుండా ఊదుతూ కూర్చున్నాను. నేను చేసిన అసలు తప్పు అదేనేమో.

ఎంత జాగ్రత్తపడ్డా ఆ మిషన్ ఉన్నంతకాలం అందులోని తేదీని పూర్తిగా నమ్మలేవు. ఇది బాగా గుర్తుపెట్టుకో. రేపో ఎల్లుండో ఎవరో ఒక అవ్వ చీటీ పట్టుకుని, నా నంబర్ తప్పింది బిడ్డా అంటూ కిటికీ దగ్గరికి వస్తుంది. వెనక వరస ఉంటుంది, ఇంటి నుంచి ఫోన్ వస్తూ ఉంటుంది, నీకు చిరాకుగా ఉంటుంది. అప్పుడు స్క్రీన్ వైపు తిరగకు. లేచి వెనక ఎడమ వైపు ఇనుప బీరువా దగ్గరికి వెళ్లు, రెండే అడుగులు. పైఅరలో ఫీల్డ్ బుక్కులుంటాయి.

ఆ బీరువాకు తాళం లేదు.